పువ్వునకు వేళ, చిత్రమునకు తేది

మన యిండ్లలో ఛాయాచిత్రములకు కొదువ లేదు. పెండ్లి చిత్రములు, పిల్లల పుట్టినరోజు చిత్రములు, తీర్థయాత్రలలో గుడి ముందర నిలిచి తీయించుకొన్నవి, కాలము చేసిన పెద్దలవి, ఇవన్నియు గోడల మీదను, ఆల్బములలోను, ఇప్పుడు సెల్‌ఫోనులలోను నిండియున్నవి. కాని పెరటిలో తాతగారు నాటిన సంపెంగ చెట్టు చిత్రము ఎన్ని యిండ్లలో కలదు? ఆ చెట్టు ఏ నెలలో పూచెడిదో, ఏ యేట విరివిగా పూచినదో, ఎప్పుడు ఎండిపోయినదో అడిగినచో తలకొక మాట చెప్పుదుము. మనుష్యులను చిత్రించుకొనుటలో మనము చూపిన శ్రద్ధలో పదియవ వంతు పువ్వుల పట్ల చూపియున్నచో ఆ జ్ఞాపకము చెదరక నిలిచియుండెడిది.

పువ్వును చక్కగా చిత్రించుటకు ఖరీదైన పరికరములును, ప్రత్యేకమైన విద్యయు కావలెనని పలువురు భావింతురు. నిజమునకు కావలసినవి మూడే. పువ్వు ఏ వేళ విచ్చునో తెలియవలెను. వెలుగు ఏ వైపు నుండి పడుచున్నదో గమనింపవలెను. కెమెరాను కదలనీయక పట్టుకొనవలెను. వీనికి నాలుగవదిగా, తీసిన తేదిని వ్రాసియుంచు అలవాటు చేరినచో, ఆ చిత్రము కేవలము అలంకారము గాక ఒక సాక్ష్యమగును. ఈ నాలుగింటిని వరుసగా వివరింతుము.

కెమెరా సంగతి ముందుగా చూతము. ఒకప్పటి పెట్టె కెమెరాలతో ఆరేడు అడుగుల కంటె దగ్గరకు పోయినచో బొమ్మ అలికినట్లు వచ్చెడిది. అందుచేత ఆ కాలమున పువ్వులను తీయువారు కెమెరా కటకమునకు ముందు మరియొక చిన్న కుంభాకార కటకమును తగిలించెడివారు. ఇంటిలో ఫిల్ము కెమెరా ఇంకను పనిచేయుచున్నచో ఈ ఉపాయము నేడును పనికివచ్చును. దాని లెక్క సులభము. కెమెరాను అనంత దూరమునకు సవరించి, అదనపు కటకముపై నున్న డయాప్టరు సంఖ్యతో 100 సెంటీమీటర్లను భాగించినచో పువ్వు ఎంత దూరమున ఉండవలెనో తెలియును. సంఖ్య 2 అయినచో 50 సెంటీమీటర్లు, 4 అయినచో 25 సెంటీమీటర్లు. సెల్‌ఫోను కెమెరాతో ఈ చిక్కు తక్కువ. అది జానెడు దూరములోని వస్తువును కూడ స్పష్టముగా చూపగలదు. మరీ చిన్న పువ్వులకు, ఇంటిలోని పెద్దలు పత్రిక చదువుకొను భూతద్దమును ఫోను కటకమునకు ఆనించి పట్టుకొన్నను చాలును.

అయితే దగ్గరగా పోగలుగుట వేరు, పోవలసియుండుట వేరు. సెల్‌ఫోను కటకము విశాలమైన దృశ్యమును చూపుటకై చేయబడినది. దానిని పువ్వు ముక్కునకు తగులునంత దగ్గరకు తెచ్చినచో, ముందున్న రేకు అతిగా పెద్దదియై, వెనుకనున్న రేకులు కుంచించుకొని పోవును. కొంచెము వెనుకకు జరిగి తీసి, తరువాత చిత్రపు అంచులను కత్తిరించి పువ్వును పెద్దది చేసికొనుట మేలు. మరియు నిలువున నిలబడి క్రిందికి చూచుచు తీసిన పువ్వులన్నియు ఒక్కటే తీరున నేలకు అంటుకొన్నట్లు కనబడును. పువ్వు ఎంత ఎత్తున ఉన్నదో కెమెరాను అంత ఎత్తునకు దింపవలెను. గడ్డిపూవు కొరకు చాప పరచుకొని పడుకొనవలసివచ్చినను సందేహింపరాదు. పిల్లలు పెద్దల కంటె మంచి పూల చిత్రములు తీయుటకు ఇది యొక కారణము. వారి కన్నులు పువ్వుల ఎత్తుననే ఉండును.

ఇక వెలుగు. వెలుగు లేనిదే చిత్రము లేదు, కాని నడిమింటి ఎండ పువ్వునకు మేలు చేయదు. ప్రొద్దు ఎక్కిన కొలది ఎండ పైనుండి పడి, రేకుల మీద తెల్లని మెరుపులను, రేకుల క్రింద నల్లని నీడలను కల్పించును. మన కన్ను ఈ రెండింటిని ఏకకాలమున చూడగలదు; కెమెరాకు అంతటి శక్తి లేదు. అది మెరుపును గాని, నీడను గాని పోగొట్టును. ఉదయమున రేడియోలో భక్తిగీతములు వినవచ్చు సమయమే పువ్వులకు అనువైన సమయము. అప్పుడు ఎండ ఏటవాలుగా మెత్తగా పడుచుండును, గాలి తక్కువగా ఉండును, రేకులు వాడియుండవు. పలుచని మబ్బు పట్టిన దినమైనచో పగలంతయు అనుకూలమే. ఆకాశమంతయు ఒక పెద్ద తెల్లని దీపమువలె వెలుగును సమముగా పంచిపెట్టును.

ఎండలోనే తీయక తప్పనప్పుడు ఇంటిలోని వస్తువులే సహాయమునకు వచ్చును. ఇద్దరు పిల్లలు ఒక తెల్లని పంచెను చెరియొక వైపున పట్టుకొని పువ్వునకు ఎండ తగులకుండ అడ్డముగా నిలిచినచో, వెలుగు వడగట్టబడి మెత్తనగును. పువ్వు నీడవైపు మరీ నల్లగా ఉన్నచో, పాత శుభలేఖ తెల్లని వైపును ఆ దిక్కున పట్టుకొనవలెను. ఎండ దానిపై పడి ప్రతిఫలించి నీడలోనికి వెలుగును పంపును. రంగు కాగితమును మాత్రము ఇందుకు వాడరాదు. ఆ రంగు రేకులకు అంటును.

తెల్లని పువ్వులను తీయునప్పుడు చాలమందికి ఎదురగు నిరాశ యొకటి కలదు. కంటికి రేకుల మడతలు, ఈనెలు స్పష్టముగా కనబడును. చిత్రములో మాత్రము మల్లెపూవు సున్నపు చుక్కవలె వచ్చును. కారణ మిది. కెమెరా తన యెదుట నున్న దానినంతటిని సగటున మధ్యమమైన వెలుగుగా చూపుటకు ప్రయత్నించును. చుట్టును ముదురాకుపచ్చని ఆకులు ఉన్నచో దృశ్యము చీకటిగా ఉన్నదని భావించి వెలుగును ఎక్కువగా లోనికి పోనిచ్చును. ఆకులు బాగుగా వచ్చును, పువ్వు మాత్రము కాలిపోవును. కావున తెల్లని పువ్వునకు వెలుగును తగ్గింపవలెను. సెల్‌ఫోనులో తెరపై పువ్వును వ్రేలితో తాకినచో ప్రక్కన చిన్న సూర్యుని గుర్తు కనబడును; దానిని క్రిందికి జరిపినచో వెలుగు తగ్గును. ఎర్రని మందారమునకు, పసుపుపచ్చని బంతికి కూడ ఈ జాగ్రత్త అవసరమే. రంగు గాఢమైనప్పుడు రేకుల సన్నని గీతలు ముందుగా మాయమగును.

వెలుగు దిక్కు మారినచో పువ్వు స్వరూపమే మారును. సూర్యుడు మన వెనుక ఉన్నప్పుడు రంగు నిండుగా వచ్చును గాని లోతు తెలియదు. ప్రక్కనుండి పడు వెలుగులో రేకుల మడతలు, నూగు, గరుకుదనము బయటపడును. పువ్వు వెనుకనుండి సూర్యుడు ప్రకాశించునప్పుడు రేకు గాజుతునకవలె వెలిగి, దానిలోని నరములన్నియు కనబడును. పలుచని రేకులుగల మందారము, తురాయి, బచ్చలిమల్లె వంటి పువ్వులకు ఇది మిక్కిలి తగును. అయితే సూర్యుడు నేరుగా కటకములోనికి చూడరాదు. అరచేతిని అడ్డముగా పెట్టుకొన్నచో చాలును.

పువ్వునకు వెనుకనున్న దృశ్యము పువ్వు కంటె ముఖ్యము కాకపోయినను, పువ్వును చెరుపగల శక్తి దానికి కలదు. తెరపై చూచునప్పుడు మనస్సు పువ్వుపైననే ఉండును. వెనుకనున్న బట్టల తీగ, ప్లాస్టిక్ బకెట్టు, గోడపై ప్రకటన, ఇవి ఇంటికి వచ్చి చిత్రమును చూచినప్పుడు గాని కనబడవు. ఒక అడుగు ప్రక్కకు జరిగినచో సాధారణముగా ఈ బాధ తొలగును. లేనిచో నల్లని గొడుగును విప్పి పువ్వునకు రెండు మూడడుగుల వెనుక పట్టించవలెను. వెనుక దృశ్యము ఎంత దూరమున ఉన్నచో అంత మసకబారి, పువ్వు అంత విడిగా నిలుచును.

ఈ ఉపాయము యొక్క బలమును ప్రపంచమునకు చాటినవాడు జర్మనీ దేశీయుడైన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్. ఆయన 1865లో జన్మించి, బెర్లిన్ నగరమున అలంకార కళా విద్యార్థులకు బోధకుడుగా పనిచేసినాడు. మొగ్గలు, తీగకొసలు, కాయలు వీనిని విద్యార్థులకు పెద్దవిగా చూపుటకై తన చేతితో అమర్చుకొన్న కెమెరాతో, సాదా అట్టను వెనుక ఉంచి, దశాబ్దముల తరబడి వేలకొలది చిత్రములు తీసినాడు. 1928లో అవి గ్రంథముగా వెలువడునప్పటికి ఆయనకు అరువదేండ్లు దాటినవి. ఆయన వెలుగు, ఆయన అట్ట, ఆయన ఓర్పు ఏ యింటిలోనైనను దొరకునట్టివే.

గాలి పూల చిత్రకారునకు నిత్య శత్రువు. మనకు చల్లగా తగులు పిల్లగాలి సైతము సన్నని కాడను జానెడు ఊపును. గాలి ఎడతెగక వీచునది కాదు; తెరలు తెరలుగా వచ్చి, నడుమ క్షణకాలము ఆగును. ఆ విరామము కొరకు వేచియుండుటయే మొదటి ఉపాయము. కాడ ప్రక్కన సన్నని పుల్లను గ్రుచ్చి, బట్టలకు పెట్టు క్లిప్పుతో మెల్లగా పట్టించుట రెండవది. ఇక కదలిక మన చేతిలోనిదైనచో మోచేతులను ప్రక్కలకు ఆనించుకొని ఊపిరి బిగబట్టవలెను. బియ్యము గాని ఇసుక గాని నింపిన చిన్న గుడ్డసంచిని ఇటుకపై పెట్టి, దానిపై కెమెరాను ఉంచినచో మూడుకాళ్ల పీఠముతో పనిలేదు. మీటను నొక్కుటలోనే కెమెరా అదరును గనుక, రెండు సెకనుల పిమ్మట తనంతట తీసికొను ఏర్పాటును వాడుట మంచిది.

ఇంతవరకు చెప్పినది చేతిపని. ఇక పువ్వుల వేళలు. ప్రతి పువ్వునకు ఒక ఋతువు, ఒక జాము కలవు. వానిని తెలిసినవారికి సామాన్యమైన కెమెరా చాలును. తెలియనివారికి ఎంత ఖరీదైనదియు చాలదు. మన తెలుగు దేశపు ఆరు ఋతువులను ఒక్కసారి చుట్టివత్తము.

వసంతమున వేపపూత మనకు మొదటి చుట్టము. దూరమునకు చెట్టంతయు లేతాకుల నడుమ తెల్లని పొడి చల్లినట్లుండును. ఒక్కొక్క పువ్వు బియ్యపుగింజకు మించదు. భూతద్దము పట్టి చూచినచో అయిదు రేకులు, నడుమ తెల్లని చిన్న గొట్టము స్పష్టమగును. ఒక చిత్రము కొమ్మకు, ఒకటి పూలగుత్తికి, ఒకటి పువ్వునకు తీసినగాని వేప కథ పూర్తి కాదు. వసంతము ముదిరిన కొలది రేల పూయును. ఆకురాల్చిన కొమ్మలనుండి పసుపుపచ్చని గొలుసులు వ్రేలాడును. వానిని నిలువు చిత్రముగా, ఉదయపు నీలాకాశము వెనుకనుండ తీయవలెను. కేరళీయులు ఏప్రిలు నడుమ వచ్చు విషు పండుగనాడు ఈ పూలనే దైవసన్నిధిని ఉంచుదురు.

గ్రీష్మమున మల్లె, తురాయి రాజ్యమేలును. మల్లెమొగ్గ సాయంకాలమున విచ్చును. కావున మధ్యాహ్నమున మొగ్గల చిత్రమును, దీపములు పెట్టు వేళకు విచ్చిన పూల చిత్రమును ఒకే కొమ్మపై తీయవచ్చును. చంద్రకాంత పువ్వు కూడ నాలుగు గంటల ప్రాంతమున కన్ను విప్పును. వెలుగు తగ్గియుండును గనుక అప్పుడు ఇసుకసంచి తప్పదు. మెరుపు దీపము వాడినచో తెల్లని రేకులు మరల సున్నపు చుక్కలగును. తురాయి మడగాస్కరు దీవినుండి వచ్చిన చెట్టు. మేడపై నుండి చూచినచో ఎర్రని గొడుగువలె ఉండును. కాని రాలిన పువ్వునొకదానిని తీసికొని దగ్గరగా చూడుడు. అయిదు రేకులలో నాలుగు ఒకే తీరున ఉండి, అయిదవది మాత్రము తెలుపు పసుపుల చారలతో నిక్కియుండును. చెట్టును దూరము నుండి చూచినవారికి ఈ రహస్యము తెలియదు.

వర్షఋతువున కడిమి పూయును. దాని పువ్వు బంతివలె గుండ్రముగా ఉండును గాని, అది ఒక పువ్వు కాదు, వందలకొలది చిన్న పువ్వుల గుంపు. మబ్బు వెలుగు దానికి సరిగా సరిపోవును. పొదలలో అడవినాభి తీగ ప్రాకి, నిప్పుశిఖల వంటి పువ్వులను నిలుపును. దాని రేకులు మొదట ఆకుపచ్చగా, పిదప పసుపుగా, చివరకు ఎర్రగా మారును. మూడు నాలుగు దినములు వరుసగా ఒకే పువ్వును తీసినచో ఈ మార్పు అంతయు మన వశమగును. ఈ మొక్కలోని ప్రతిభాగము, ముఖ్యముగా దుంప, విషము. పిల్లలను తాకనీయరాదు. వానకాలమున పొదల దగ్గర మోకరిల్లుటకు ముందు కఱ్ఱతో ఒకసారి తట్టి చూచుట కూడ అవసరము. వాన వెలిసిన తరువాత రేకుపై నిలిచిన నీటిబొట్టు తానే ఒక కటకము. దానిలో వెనుకనున్న తోట తలక్రిందుగా కనబడును.

శరత్తు తెలంగాణమున బతుకమ్మ పూల కాలము. తంగేడు రహదారుల ప్రక్కన బంగారువన్నె గుత్తులతో నిలుచును. అది నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పము. గునుగు చేలగట్లపై తెల్లని కంకులవలె లేచును. గునుగు క్రిందినుండి పైకి పూయును గనుక కంకి కొన గులాబివన్నెగాను, క్రిందిభాగము వెండివలె తెల్లగాను ఉండును. ఏటవాలు వెలుగు వెనుకనుండి పడినప్పుడు ఆ వెండి మెరుపు తెలియును. పేర్చిన బతుకమ్మను అందరును తీయుదురు. కోయకముందు గట్టుపై నున్న గునుగును తీయువారు అరుదు. ఏడాదికేడాది గట్లు తరుగుచున్న చోట్ల ఆ రెండవ చిత్రమే ముందు తరములకు ఎక్కువ విలువైనది కాగలదు.

పారిజాతమును తీయదలచినవారు తెల్లవారుజామున లేవవలసినదే. అది ప్రొద్దుగ్రుంకిన పిమ్మట విచ్చి, సూర్యుడు పైకి రాకముందే రాలిపోవును. పగడపు రంగు కాడ, తెల్లని రేకులు కనబడునట్లు నేలపై రాలిన పూలనే, చేతితో సవరింపక, ఉన్నవి ఉన్నట్లుగా తీయుట అందము. చెరువులలో తామర ఉదయమున విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. తెల్లకలువ, ఎర్రకలువ రాత్రి విచ్చి, ప్రొద్దెక్కిన తరువాత మూతపడును. సూర్యునకు తామరను, చంద్రునకు కలువను ముడిపెట్టిన మన పూర్వకవులు కల్పన చేసినారే గాని ప్రకృతిని తప్పు చూడలేదు. ఒకే చెరువున ఈ రెండును ఉన్నచో తెల్లవారిన మొదటి గడియలలో రెండింటిని విచ్చియుండగా పట్టుకొనవచ్చును.

హేమంతమున బంతి, చేమంతి. రాత్రులు పొడవైనగాని చేమంతి మొగ్గతొడగదు. అందుకే సంక్రాంతికి ముందు దినములలో గోదావరి తీరమున కడియము వంటి పూలతోటల ప్రాంతములు రంగులతో నిండిపోవును. చేమంతిలో మనము రేకు అనుకొనునది ప్రతిదియు ఒక చిన్న పువ్వు. నడుమ పసుపుదిమ్మెను దగ్గరగా తీసినచో సన్నని గొట్టముల వంటి వందల పువ్వులు బయటపడును. పొద్దుతిరుగుడు చేలకు పోవువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. లేతమొగ్గ సూర్యునితో తిరుగును గాని, విచ్చిన పువ్వు తూర్పుముఖముగా నిలిచిపోవును. కావున ఉదయమున సూర్యుని వెనుక పెట్టుకొని నిలిచినచో చేనంతయు మనవైపే చూచును. సాయంకాలము పోయినచో వీపులే కనబడును.

శిశిరమున మామిడి పూతను తీసినవారు వేసవిలో అదే కొమ్మపై కాయను కూడ తీసి ప్రక్కప్రక్కన పెట్టుకొనవచ్చును. ఆకులన్ని రాల్చిన బూరుగ కొమ్మలపై ఎర్రని దొప్పల వంటి పువ్వులు విచ్చును. గోరువంకలు, కాకులు తేనె కొరకు ఉదయముననే చేరును. ఆకులు లేనందున పక్షియు పువ్వును ఒకే చిత్రములో స్పష్టముగా వచ్చును. పిమ్మట మోదుగ. నల్లని మఖమలు వంటి తొడిమ నుండి చిలుకముక్కువలె వంగిన ఆ నారింజవన్నె పువ్వును ప్రక్కనుండి తీసినగాని ఆ వంపు తెలియదు. మోదుగ రాలుచుండగా వేప మరల చిగిర్చును.

ఇట్లు ఏడు తిరిగి వచ్చినది. ఇప్పుడు మొదట చెప్పిన నాలుగవ సంగతికి, తేదికి, వత్తము. “ఈ యేడు ఉగాదికి వేపపూత రాలేదు” అని గాని, “పూత అప్పుడే రాలిపోయినది” అని గాని మనము తరచు వినుచుందుము. ఇందులో తప్పు చెట్టుది కాకపోవచ్చును. మన ఉగాది చాంద్రమానమును అనుసరించునది గనుక తానే ముందు వెనుకలకు జరుగును. 2023లో అది మార్చి 22వ తేదిన, 2024లో ఏప్రిలు 9వ తేదిన, 2025లో మార్చి 30వ తేదిన వచ్చినది. కదలుచున్న పండుగతో కొలిచినచో చెట్టు కదలినదో లేదో తెలియదు. పండుగ పేరుతో పాటు తేదిని, సంవత్సరమును వ్రాసినగాని ఆ లెక్క తేలదు.

తేది గల చిత్రము ఎంతటి పని చేయగలదో చూపు ఉదాహరణ యొకటి అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున కలదు. లోవెల్ పట్టణపు శ్మశానవాటికలో 1868 మే 30వ తేదిన ఎవరో ఒక ఛాయాచిత్రము తీసినారు. వారి ఉద్దేశము చెట్లను చిత్రించుట కాదు. కాని వెనుకనున్న చెట్లకు ఆకులు లేవు. 2005లో అదే తేదిన అదే చోట పరిశోధకులు మరల చిత్రము తీయగా చెట్లు నిండుగా ఆకులతో ఉన్నవి. ఆ రాష్ట్రముననే కాంకర్డ్ గ్రామమున హెన్రీ డేవిడ్ థోరో 1852 మొదలు 1858 వరకు ఏ పువ్వు ఏ దినమున తొలుత విచ్చినదో వ్రాసియుంచినాడు. ఒకటిన్నర శతాబ్దము తరువాత శాస్త్రజ్ఞులు ఆ పట్టికతో పోల్చి చూడగా అచ్చటి పువ్వులు సగటున ఒక వారము ముందుగా పూచుచున్నట్లు తేలినది. జపానులోని క్యోటో నగరమున చెర్రీ పూల సంబరములను గురించి ఆస్థాన దినచర్యలలో వ్రాసిన తేదులు తొమ్మిదవ శతాబ్దము నుండి దొరకుచున్నవి. 2021లో మార్చి 26వ తేదిన అచ్చట పూలు నిండుగా విచ్చినవి. పన్నెండువందల ఏండ్ల ఆ లెక్కలో అంత త్వరగా విచ్చిన సంవత్సరము అంతకుముందు లేదు. వసంతములు వేడెక్కుటయే దీనికి ముఖ్యకారణమని వారు నిర్ణయించినారు.

ఒక్క సంవత్సరపు చిత్రముతో ఏమియు నిర్ణయింపరాదన్నది ఇందులోని మరియొక పాఠము. ఒక యేడు చలి ఎక్కువై పూత ఆలస్యము కావచ్చును. ఒక యేడు వాన ముందుగా వచ్చి పూత తొందరపడవచ్చును. పది, ఇరువది సంవత్సరముల వరుస ఉన్నప్పుడే మార్పు మాట్లాడును. కేరళమున ఇటీవలి సంవత్సరములలో రేల విషుకు చాల ముందుగనే పూచుచున్నదని పలువురు గమనించుచున్నారు. విషు సౌరమానపు పండుగ గనుక దాదాపు ఒకే తేదిన నిలుచును. అందుచే అచ్చటివారికి ఈ మార్పు సులభముగా కంటబడినది. మన వేపకు, మన మామిడికి, మన మోదుగకు అట్టి కొలత ఏర్పరచవలసినవారము మనమే.

దీనికై చేయవలసినది స్వల్పము. ఇంటికి దగ్గరనున్న ఒకే చెట్టును ఎన్నుకొనుడు. గోడమూల గాని, మెట్టు గాని, ప్రతిసారి నిలువదగిన ఒకే చోటును గుర్తుంచుకొనుడు. వారమునకొకసారి అదే చోటినుండి, అదే వేళకు చెట్టు మొత్తమును తీయుడు. తొలిపువ్వు విచ్చిననాడు ఆకుతో కూడిన కొమ్మను, పువ్వును ముందునుండి, పువ్వును ప్రక్కనుండి వేరువేరుగా తీయుడు. పేరు తెలియని మొక్కనైనను ఈ నాలుగు చిత్రములు చూచి తెలిసినవారు గుర్తింపగలరు. పువ్వును కోయవలసిన పని లేదు.

సెల్‌ఫోను తేదిని తానే చిత్రములో దాచియుంచును. అయినను ఫోను గడియారము సరిగా ఉన్నదో లేదో చూచుకొనవలెను. చిత్రమును సందేశముగా బంధువులకు పంపినప్పుడు ఆ వివరము తరచు తొలగిపోవును గనుక, అసలు చిత్రమును విడిగా భద్రపరచవలెను. వాటితో పాటు ఒక సాదా నోటుపుస్తకము ఉండుట ఎంతయు మేలు. చెట్టు పేరు, ఊరు, తేది, ఆనాటి వాన లేక ఎండ, ఇంతే అందులో వ్రాయవలసినది. అచ్చువేయించిన చిత్రమైనచో వెనుక మెత్తని పెన్సిలుతో ఇవే వివరములు వ్రాయవచ్చును.

ఈ పని ఇంటిల్లిపాదికి చెందినది. వేప ఏ యేట నాటినదో అమ్మమ్మకు తెలియును. తొలిపువ్వును అందరికంటె ముందు చూచునది పిల్లలు. వ్రాసిపెట్టు ఓపిక ఎవరికి కలదో ఆ యింటివారే ఎరుగుదురు. వీధి వెడల్పు చేయుటలోనో, ఇల్లు పెంచుటలోనో రేపు ఆ చెట్టు పోవచ్చును. పోయిన చెట్టును చిత్రము తిరిగి తేలేదు. కాని అది ఏ యే తేదులలో పూచినదో చెప్పగలదు. ఆ స్థానమున మరల ఏ చెట్టును నాటవలెనో కూడ చెప్పగలదు. ఈ ఋతువున మీ యింటిముందు ఏది పూచుచున్నదో, రేపటి ఉదయమున దానితోనే ప్రారంభింపవచ్చును.